తడి సున్నం

కుండలో సున్నం ఇంకా బుసలు కొడుతూనే ఉంది. ముత్యాలు గొంతుక్కూర్చుని, ముఖం పక్కకు తిప్పుకుని, బారెడు కట్టెతో దాన్ని కలుపుతున్నాడు. నీళ్ళు తగిలిన సున్నపురాయి పగలాలి, ఉడకాలి, పొంగాలి, పొంగిందంతా మళ్ళీ కూలబడాలి. అప్పటిదాకా ఓపిక పట్టాలి. ముప్పై ఏళ్ళుగా పొద్దున లేచి చేసే పని ఇదే. ఈ పనిలో అతనికి తొందరంటే తెలియదు. మిగతా పనుల్లోనూ తెలియదు గాని, అక్కడ దాన్ని జనం సోమరితనం అంటారు.

మనిషి పొట్టి. దొడ్డికాళ్ళు. నిలబడితే మోకాళ్ళ మధ్య నుంచి మేకపిల్ల దూరిపోతుంది. మోకాళ్ళ కింద చర్మం తెల్లటి మచ్చలు పడి, వెల్ల వేసి మధ్యలో ఆపేసిన గోడలా ఉంటుంది. ఇరవై ఏళ్ళ వయసులో సున్నపు గుంటలో పడ్డాడు. గట్టు మీద ఉన్న ఇద్దరు ముందు కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాతే చెయ్యి అందించారు. ఇక చెవులు. అవి దేవుడు ఇంకెవరి కోసమో చేసి పొరపాటున ఇతనికి తగిలించినట్టుంటాయి. రెండు చేటలు. పొద్దుటి ఎండలో నిలబడితే వాటి గుండా వెలుతురు ఎర్రగా కనిపిస్తుంది.

ముత్యాలుకు భయం లేనిది ఊళ్ళో ఏదీ లేదు. కుక్కలంటే భయం. పోలీసులంటే భయం. అన్నిటికంటే విచిత్రం, నిచ్చెనంటే భయం. అందుకే ఇబ్రహీంపట్నంలో ఏ గోడ చూసినా మనిషి చెయ్యెత్తినంత దాకా పాలలా ఉండి, ఆ పైన మసకమసకగా ఉంటుంది. కచ్చేరీ, ఠాణా, కోమట్ల మిద్దెలు, అన్నీ అంతే. అన్నిటికీ వెల్ల అతనిదే. అన్నీ వెట్టికే. ఒక్క తన ఇంటి గోడకు మాత్రం ఏనాడూ సున్నం వెయ్యలేదు. భార్య ఈదమ్మ వెయ్యనివ్వలేదు. ఎర్రమట్టి గోడ మీద ఆమె బొగ్గుతో, ముగ్గుపిండితో నెమళ్ళు గీస్తుంది. ప్రతి నెమలికీ చేపలాంటి కన్ను. తెల్లగోడ మీద నెమలి ఎండకు సోలిపోయినట్టుంటుందని ఆమె మాట.

"గొంగడి కొంచపో. మబ్బు పట్టింది" అంటూ ఈదమ్మ జొన్న అంబలి గిన్నె అందించింది. ఆమె వేలిగోళ్ళలో నల్లగా మసి ఉంది. పొయ్యి మసి కాబోలు అనుకున్నాడు ముత్యాలు. ఆమె మొగుడి నెత్తికి ఆముదం పెట్టింది. రోజూ పెడుతుంది, నెత్తి మీద పడే సున్నానికి జుట్టు ఊడిపోకుండా. ఈరోజు మాత్రం కొంచెం ఎక్కువగానే పెట్టింది. చెవుల దాకా కారింది.

అంతలో ఠాణా జవాను మదార్ ఆయాసపడుతూ వచ్చాడు.

"ముత్యాలూ, లెవ్వు! ఠాణా గోడ మీద బొమ్మలేసిన్రు."

"రాతలా, మదార్ సాబ్?"

"రాతలు గాదురా, బొమ్మలు! అమీన్ సాబ్ ఇంక లెవ్వలే. పగటికి పట్నంకెల్లి పెద్దసాబ్ వస్తుండు. గోడ కనబడ్డదంటే నా ఉద్యోగం పోతది, నీ తోలు పోతది. ఉరుకు!"

రాతలైతే ముత్యాలుకు ఫికర్ లేదు. రెండేళ్ళుగా, దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు రాత్రిళ్ళు వచ్చి ఠాణా ప్రహరీ మీద ఏవేవో రాసిపోతున్నారు. తెల్లారగానే అతను వెళ్ళి వెల్ల వేసి వస్తున్నాడు. ఆ రాతలు చదవడం వస్తే చదివి భయపడేవాడు. రాదు కనుక హాయిగా తుడిచేసేవాడు. కాని బొమ్మలను చదవడానికి బడి అక్కర్లేదు.

కావడికి ఒక పక్క సున్నపు కుండ, ఇంకో పక్క నీళ్ళకుండ తగిలించుకుని, ఈత మట్ట నలగ్గొట్టి చేసిన కుంచె చేతబట్టుకుని, గొంగడి సంగతే మరిచి బయల్దేరాడు. సందు చివర నల్లకుక్క మామూలుగానే కాచుకుని ఉంది, మామూలుగానే మొరిగింది. ముత్యాలు కూడా మామూలుగానే గోడకు కరుచుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ దాన్ని దాటాడు.

ఠాణా ప్రహరీ ముందు అప్పటికే పదిమంది పోగయ్యారు. సంత బాటన పోయేవాళ్ళు గంపలు దించి మరీ చూస్తున్నారు. ముత్యాలు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, గోడ చూసి, కావడి దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

గోడ పొడుగునా బొగ్గుతో గళ్ళు గీసి ఉన్నాయి. పటం చూపించి కథ చెప్పేవాళ్ళ పటంలో ఉన్నట్టు, గడి పక్కన గడి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. మొదటి గడిలో దొడ్డికాళ్ళ మనిషొకడు సున్నపు గుంటలోకి తలకిందులుగా పడుతున్నాడు. గట్టు మీద ఇద్దరు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. రెండో గడిలో వాడే గుంటలోంచి పైకి లేచాడు. ఒళ్ళంతా తెలుపు, చుట్టూ పొగ. ఎక్కణ్ణుంచో గొంగడి ఎగిరొచ్చి పిలవకుండానే భుజాన వాలుతోంది. మూడో గడిలో రజాకార్లు తుపాకులు పేలుస్తున్నారు. తూటాలు వాడి రొమ్ముకు తగిలి జొన్నపేలాలై రాలుతున్నాయి. పిల్లలూ కోళ్ళూ ఏరుకుని తింటున్నారు. ఒక కోడికి మాత్రం పేలంగా మారని తూటా దొరికింది; అది కాళ్ళు పైకి పెట్టి పడి ఉంది. నాలుగో గడిలో ఆ మనిషి గొంగడి రెక్కలా పరిచి పెద్దచెరువు మీదుగా ఎగురుతున్నాడు. ఐదో గడిలో మీసాలు, బూట్లు, బానంత పొట్ట ఉన్న పోలీసు దొరను ఆ మనిషి చెవి పట్టుకుని చెరువు మీద వేలాడదీశాడు. కింద చేపలు పళ్ళు బయటపెట్టి, పంక్తిలో కూర్చున్నట్టు వరసగా నోళ్ళు తెరిచి ఉన్నాయి.

ఆరో గడి అన్నిటికంటే పెద్దది. అందులో నిలువెత్తు మనిషి. నడుం మీద రెండు చేతులు, మర్రిమానుల్లాంటి జబ్బలు, వెనక విచ్చుకున్న గొంగడి. ముఖం ఎదురుగా చూస్తోంది. కళ్ళు చేపల్లా ఉన్నాయి. ముఖానికి అటూ ఇటూ రెండు చేటల చెవులు.

ఏడో గడి గీత గీసి ఖాళీగా వదిలేశారు.

ఆ చేపకళ్ళు రోజూ ఇంటి గోడ మీద చూసే కళ్ళే. ఈదమ్మ గోళ్ళలోని మసి పొయ్యిది కాదు. ఇక ఆ చెవులు ఎవరివో అతనికెవరూ చెప్పనక్కర్లేదు.

ఎందుకు గీసిందో కూడా అర్థమైంది. పోయిన వారం సంతలో, పక్క గోడకు వెల్ల వేస్తుంటే ఒక్క చుక్క ఎగిరి ఠాణా పెద్ద అమీన్ బూటు మీద పడింది. అమీన్ ముత్యాలు చెవి పట్టి, కాలి వేళ్ళ మీద నిలబడేదాకా పైకి లాగి, "ఇంత పెద్ద చెవులు పెట్టుకుని నడుస్తావేంరా, ఎగిరిపో!" అన్నాడు. సంతంతా నవ్వింది. ముత్యాలు కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. సీతాఫలాల గంప ముందు కూర్చున్న ఈదమ్మ ఒక్కతే నవ్వలేదు.

సంత అంతా చూసిన చెవుల్ని అమీన్ మరిచిపోతాడా? బొమ్మలో ముఖం అతని కంటబడితే ముత్యాలును పట్టుకుపోతారు. ముత్యాలుకు బొమ్మ గీయడం రాదని ఊరందరికీ తెలుసు. ఆపైన ఎవరింట్లో నెమళ్ళుంటాయో వెతకడానికి ఎంతసేపు? ఠాణా లోపలికి వెళ్ళినవాళ్ళు ఎలా తిరిగొస్తారో లోపలి గోడలకు వెల్ల వేసే అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏ మరకను ఎన్ని చేతుల వెల్ల వేసి కప్పాడో అతనికి గుర్తుంది.

కావడి దించి, ముందుగా ఆరో గడి మీద పడ్డాడు. ముఖం మీద ఒక చెయ్యి, అడ్డంగా ఇంకో చెయ్యి. మిగతా గళ్ళన్నిటికీ గబగబా ఒక్కో చెయ్యి వేసి మళ్ళీ ముఖం దగ్గరికే వచ్చి, పెరుగంత చిక్కగా మూడోసారి పూశాడు. తన జీవితంలో అంత తొందరగా అతను ఏ పనీ చెయ్యలేదు.

బొమ్మ చెక్కుచెదరలేదు.

సున్నం గుణం అది. తడిగా ఉన్నంతసేపు కింద ఉన్నదాన్ని దాచదు. నీళ్ళలోంచి చూసినట్టు అంతా కనబడుతుంది. ఆరితేనే తెలుపు. ఎండ కాస్తే గంట. ఇది భాద్రపదం, ఆకాశం నిండా మబ్బు.

"ముత్యాలన్నా, ఇంక జర కడుగు, ముఖం తేటగైతుంది" అంది సుక్కమ్మ. ఈదమ్మ పక్కనే కూర్చుని సీతాఫలాలమ్మే మనిషి. ఆమె నోటికి సంతలో తూకం రాళ్ళు కూడా భయపడతాయంటారు.

"సుక్కమ్మక్కా, నీకు దండం పెడ్త, జర ఊకో."

"ఊకుంటలేనా? చెవులెవలియో నేనేమన్న చెప్పిన్నా?"

జనం కిసుక్కుమన్నారు. మదార్ దగ్గరికొచ్చి బొమ్మను చూశాడు, ముత్యాలును చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. అతని మీసాల కింద పెదవి వణికింది, నవ్వుకో భయానికో.

"అరే, గిది నువ్వేనారా?"

"నాకు గంత జబ్బలున్నయా, సాబ్?"

మదార్ ఆలోచించి, "లెవ్వు" అని ఒప్పుకున్నాడు. "గని చెవులున్నయ్. అమీన్ సాబ్ ముఖం కడుగుతుండు. నేను చూడలే, నాకేం తెల్వదు. ఏం జేస్తవో జెయ్యి." గేటు దగ్గరికి పోయి బందూకు పట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

బూట్ల చప్పుడైంది. జనం గంపలెత్తుకున్నారు గాని పోలేదు. దొర ముందు తలకు గుడ్డ ఉండకూడదు. ముత్యాలు నెత్తి రుమాలు లాగి చంకలో పెట్టుకున్నాడు. భయంతో ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. వీపు గోడకు తగిలింది. తడి సున్నం వీపుకు చల్లగా అంటుకుంది. తల వెనక్కి ఆనింది.

జనంలో నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఈదమ్మ కొలత వెంట్రుకవాసి తప్పలేదు. ముఖం ఉన్నచోట ముఖం, చెవులున్నచోట చెవులు సరిగ్గా కూర్చున్నాయి. ముత్యాలు తల వెనక బొమ్మ ముఖం పూర్తిగా మాయమైంది. కాని అతని బక్క భుజాలకు అటూ ఇటూ ఆ మహా జబ్బలు, నడుం మీద ఆ పిడికిళ్ళు, విచ్చుకున్న గొంగడి మిగిలాయి. గోచీ పెట్టుకుని గజగజ వణుకుతున్న ఆ మనిషి, ఊరంతటి ఎదురుగా గోడలోంచి నడిచొచ్చిన వీరుడిలా ఉన్నాడు. తను ఎలా ఉన్నాడో అక్కడ తెలియనిది అతనొక్కడికే.

అమీన్ వచ్చాడు. పొడుగు కోటు, చేతిలో బెత్తం, సగం గీసిన గడ్డం. మొదటి గడి దగ్గర మొదలుపెట్టి, సంతకం పెట్టాల్సిన కాగితం చదివినట్టు ఒక్కో గడీ చూసుకుంటూ వచ్చాడు. పేలాల దగ్గర ముక్కు ఎగబీల్చాడు. ఐదో గడి దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"మదార్, ఈ పొట్ట ఎవనిది?"

"తెల్వదు, సాబ్."

"నా పొట్ట గింత ఉంటదా?"

మదార్ రెండిటినీ శ్రద్ధగా పోల్చి చూశాడు. "లేదు, సాబ్. జర ఎక్కువ గీసిన్రు."

"జరనా?"

"మస్తు ఎక్కువ, సాబ్."

అమీన్ గిర్రున తిరిగాడు. "అరే సున్నపోడా! సున్నం ఏసినవా?"

"ఏసిన, దొరా."

"మరి కనబడుతున్నయ్ గదరా!"

"తడి, దొరా. ఆరితే తెల్లగైతది. ఎండ రావాలె."

అందరూ తలెత్తి పైకి చూశారు. అమీన్ కూడా చూశాడు, మబ్బును పట్టుకొచ్చి లోపలెయ్యమని మదార్‌కు చెప్పేటట్టే చూశాడు. ఆ తర్వాత బెత్తంతో ముత్యాలు డొక్కలో పొడిచాడు.

"జరుగు. నీ ఎన్కేముందో చూస్త."

ముత్యాలు కాళ్ళు జరగడానికి సిద్ధపడ్డాయి. యాభై ఏళ్ళుగా ఎవరు జరగమన్నా జరిగిన కాళ్ళవి. కాని ఆ క్షణంలో అతనికి ఈదమ్మ గోళ్ళు కనిపించాయి. పొద్దున అంబలి గిన్నె పట్టుకున్న నల్లటి గోళ్ళు.

"జరగొద్దు, దొరా" అన్నాడు.

ఎవరో గంప కింద పడేశారు. ముత్యాలు నోట 'వద్దు' అన్న మాట ఊళ్ళో ఎవరూ విని ఉండలేదు. అతనూ వినలేదు. ఇంకెవరైనా అన్నారా అని పక్కకు చూడబోయి, తల కదపకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఏమన్నవ్?"

"తడి మీదికెల్లి జరిగితే మనిషి అచ్చు పడ్తది, దొరా. అచ్చు పడ్డదంటే పది చేతులేసినా పోదు. పెద్దసాబ్ వచ్చి గీ అచ్చు ఎవనిదని అడుగుతడు. నేను తెల్వక ఆనుకున్న, తప్పయింది. ఆరేదాంక గిట్లనే ఉండాలె."

పచ్చి అబద్ధం. ఇంకో చెయ్యి వేస్తే ఏ అచ్చైనా పోతుంది. కాని సున్నం గురించి ముత్యాలు చెప్పిన మాటను ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, ఎందుకంటే ఆ పని ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేదు. పైగా అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి కావడంతో, నిజం చెప్పినంత మెల్లగా, నసుగుతూ చెప్పాడు.

అమీన్ గడియారం తీసి చూసుకున్నాడు. "కదిల్తే కాల్చేస్త" అన్నాడు. కుర్చీ తెప్పించుకుని ముత్యాలుకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. అప్పుడు తీరిగ్గా తలెత్తి చూస్తే, ముత్యాలు మొత్తంగా కనిపించాడు. జబ్బలతో, గొంగడితో సహా. అమీన్ పొట్ట ముందు మెల్లగా కదిలింది, తర్వాత గట్టిగా ఊగింది. చాయ్ ఒలికింది.

"దేఖో, దేఖో! సున్నపోనికి ఎంత బాగ కుదిరిందో! మదార్, నవ్వు!"

మదార్ నవ్వాడు. జనం నవ్వారు. ఇలాంటప్పుడు నవ్వకపోతే బాగుండదని ముత్యాలు కూడా నవ్వబోయాడు గాని, నవ్వితే తల కదులుతుంది. ఊరంతా నవ్వుతుంటే అతనొక్కడే నవ్వకుండా ఉండటం అదే మొదటిసారి. గంపతో అప్పుడే వచ్చి జనం వెనక నిలబడ్డ ఈదమ్మ అది చూసింది. ఆమెను చూడగానే అతను తలను గోడకు ఇంకొంచెం గట్టిగా ఆనించాడు.

పది గంటలప్పుడు ఎండ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. సున్నం వీపును కొరకడం మొదలుపెట్టింది. మొదట చీమలు పాకినట్టు, తర్వాత చీమలన్నీ ఒకేసారి కుట్టినట్టు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. రొమ్ములో ఏదో బిగుసుకుపోయినట్టుంది. సున్నం ఘాటు కాబోలు అనుకున్నాడు. సున్నపు గుంటలో పడిన రోజు గుర్తొచ్చింది. ఆ మంట ముందు ఇదెంత? ఆ ఏడే ఈదమ్మను చేసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో అతని కాళ్ళు చూసి వాళ్ళ మేనత్త ముఖం చిట్లిస్తే, ఈదమ్మ వంగి చూసి, "తెల్లటి మబ్బులున్నట్టున్నయ్" అంది. ఆ మాట గుర్తు చేసుకుంటే కొంతసేపు వీపు మండలేదు.

గోడ ఆరడం మొదలైంది. చూస్తుండగానే మొదటి గడిలో నవ్వేవాళ్ళిద్దరూ తెల్లబడి పోయారు. తూటాలు పోయాయి, పేలాలు పోయాయి, చచ్చిన కోడి పోయింది. ఐదో గడిలో పొట్ట మాత్రం బొగ్గు ఎక్కువ పట్టడంతో చివరిదాకా మొరాయించింది. అమీన్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ముత్యాలన్నా, గొంగడి జర పట్టుకో, ఎగిరిపోతుంది!" అంది సుక్కమ్మ.

"ఎవరది?" అన్నాడు అమీన్.

"నేనే, దొరా. ఇంట్ల గొంగడి బయట ఆరేసొచ్చిన, గాలికి ఎగిరిపోతదేమో అని."

పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి పట్నం బాట నుంచి సైకిలు మీద ఒక జవాను వచ్చి పడ్డాడు. ఒళ్ళంతా బురద. అమీన్ చెవిలో ఏదో చెప్పాడు. అమీన్ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చాయ్ కప్పు చేతిలోనే ఉందన్న సంగతి మరిచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. పెద్దసాబ్ రాలేదు. ఆ రోజు సెప్టెంబరు పదమూడు, సోమవారం. యూనియన్ సైన్యం నిజాం సరిహద్దు దాటిందన్న కబురు ఊరికి తెలిసింది మరునాడే.

ఇక నిలబడాల్సిన పని లేదు. కాని కదలొచ్చని ముత్యాలుకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా కదలడం అతనికి అలవాటు లేదు. జబ్బలు తెల్లబడ్డాయి. పిడికిళ్ళు పోయాయి. గొంగడి అంచులు ఒక్కటొక్కటిగా గోడలో కలిసిపోయాయి. ఆఖరికి అంత తెల్లటి గోడ ముందు గోచీ మనిషి ఒక్కడే మిగిలాడు.

"ఇగ రారా నాయినా, ఆరింది" అన్నాడు మదార్.

ముత్యాలు వీపు గోడ నుంచి ఊడదీసుకుని, తిరిగి చూడటానికి భయపడి, ఒక కన్నుతో చూశాడు. బొమ్మ ముఖం లేదు. బొగ్గంతా ఆముదం జుట్టుకు అంటుకుని వచ్చేసింది. ఆ చోట తలకాయంత గుండ్రటి నూనె మరక, దానికి రెండు చెవులు.

మదార్ దాన్ని చూసి, మూసి ఉన్న ఠాణా తలుపు చూసి, "రేపొచ్చి ఒక చెయ్యి ఎయ్యి" అన్నాడు.

రేపు ఎలాగూ రావాలి కదా అని ముత్యాలు కుండా కుంచె గేటు పక్క చూరు కిందికి జరిపాడు. కుంచె కడగకుండా ఇంటికి వెళ్ళడం ముప్పై ఏళ్ళలో అదే మొదలు. కడగాలనే అనిపించింది, చెయ్యి లేవలేదు.

సందు చివర నల్లకుక్క లేచి నిలబడింది. తెల్లటి వీపు, నల్లటి నెత్తి, నడుం వంగక నిక్కబొడుచుకుని వస్తున్న ఆ మనిషిని ఎగాదిగా చూసింది. వీపు మండి ముత్యాలు గోడకు కరుచుకోలేదు, సందు నడిమధ్యనే నడిచాడు. కుక్క మొరగలేదు. పక్కకు జరిగి దారిచ్చింది.

ఇంట్లో ఈదమ్మ అతన్ని బోర్లా పడుకోబెట్టి, సున్నం కడిగి, వీపుకు వెన్న రాసింది.

"నాకు గంత జబ్బలు యాడియే?" అన్నాడు ముత్యాలు.

"నాకు గట్లనే కనబడ్తయ్."

"చెవులు జర సిన్నగ గీస్తే ఏం పోతుండే?"

"గవి సిన్నగైతే గా బొమ్మ నువ్వెట్లయితది?"

ముత్యాలు వెన్న మంటలోంచే నవ్వాడు. ఇప్పుడు నవ్వితే తల కదిలినా ఫరవాలేదు. "ఏడోది ఎందుకు ఖాళీగ ఇడిసినవ్?"

"ఏం గియ్యాల్నో తోచలే. బొగ్గు గూడ అయిపోయింది. నువ్వే చెప్పు, అటెన్క ఏం జేస్తడు?"

అతను ఆలోచించాడు. ఎగిరే మనిషికి, తూటాలు తగలని మనిషికి ఇంకేం కావాలి?

"ఇయ్యాల నల్లకుక్క మొరగలే" అన్నాడు.

"నిజమా?"

"అవ్. జరిగింది. నేను నడుమల్నే వచ్చిన. గది గియ్యి. కుక్క పోతున్నట్టు గియ్యి."

"సరే."

"తోక లోపలికి పెట్టి గియ్యి."

"సరేనయ్యా, పండుకో."

"జరసేపు ఒరిగి పోయి కుంచె కడుక్కొస్త. లేకుంటే పాడైతది" అని కళ్ళు మూసుకున్నాడు. ఈదమ్మ జొన్నలు విసరడానికి తిరగలి ముందు కూర్చుంది. ఒక వాయి అయ్యాక లేపుదామనుకుంది. తిరగలి చప్పుడులో అతని ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు. సందె వేళ నల్లకుక్క వాకిట్లోకి వచ్చి, మొరగకుండా కూర్చుంది.

శుక్రవారం నిజాం లొంగిపోయాడన్నారు. శనివారం పొద్దున్నే అమీన్ కోటు మూట కట్టుకుని, మీసాలు తీసేసి, సైకిలెక్కి పోయాడు. మీసాలు లేకపోయినా సుక్కమ్మ పొట్టను చూసి గుర్తుపట్టింది. ఠాణా గేటు తెరిచే ఉంది. మదార్ ఒక్కడే ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం పెద్ద వాన.

వానకు గోడ తడిసింది. పల్చగా వేసిన వెల్ల కదా, నీళ్ళు తగలగానే బొమ్మలన్నీ ఒక్కటొక్కటిగా పైకి తేలాయి. ముందు నవ్వేవాళ్ళు, ఆ తర్వాత పేలాలు, కోడి, చేపలు, పొట్ట. జనం తాటాకు గొడుగుల కింద, గొంగళ్ళ కింద నిలబడి చూశారు. ఆరో గడిలో జబ్బలు వచ్చాయి, గొంగడి విచ్చుకుంది. ముఖమున్న చోట చెవులున్న గుండ్రటి మరక, అంతే. అయినా అదెవరని ఒక్కరూ అడగలేదు.

ఈదమ్మ వచ్చింది. అందరూ దారిచ్చారు. పొద్దు వాలేసరికి వాన తగ్గింది. ఆమె కొంగులోంచి బొగ్గుముక్క తీసి, ఏడో గడిలో ఒక కుక్కను గీసింది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పారిపోతోంది. దేన్ని చూసి పారిపోతోందో గీయలేదు. మదార్ బందూకు గోడకు ఆనించి, ఆమె పని అయ్యేదాకా తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

వెళ్ళేటప్పుడు ఆమె గేటు పక్క చూరు కింద ఆగింది. కుండలో నీళ్ళు ఇంకిపోయి సున్నం రాయిలా గడ్డకట్టింది. దాని నడుమ కడగని కుంచె, పట్టుకునే చెయ్యి లేకుండా, నిటారుగా నిలబడి ఉంది.